ఎడమ సీటు

గద్వాల నుంచి అయిజకు పొయ్యే తొవ్వలో, మల్దకల్ దాటినాక, పత్తిచేల నడుమ ఒక పాత బంగ్లా ఉంది. వకీలు బంగ్లా అంటారు. బంగ్లాకు చెడ్డపేరేమీ లేదు. చెడ్డపేరంతా దాని పక్కన, రోడ్డుకు ఆనుకొని ఉన్న కారు పెట్టే రేకుల మోటరు కొట్టానిదే.

చీకటి పడ్డాక ఆ కొట్టం ముందర నుంచి ఒంటిగా బండి మీద పోయేవాళ్లు వెనక సీటు ఖాళీగా ఉంచరు. ఏదో ఒకటి పెట్టుకుంటారు. కూరగాయల సంచి, యూరియా బస్తా... ఏమీ లేకపోతే దారిలో ఒక రాయి. కొట్టం దాటి, చింతచెట్ల మలుపు తిరిగినాక ఆ రాయిని కిందికి నెట్టేస్తారు. ఆ మలుపు కాడ ఇప్పటికీ రాళ్లకుప్ప ఉంది. కొత్తవాళ్లు చూసి, రోడ్డు పని నడుస్తుందేమో అనుకుంటారు.

ఎందుకంటే, పెద్దలు చెప్పేదిది.

వకీలుకు ఇద్దరు భార్యలు. చిన్నామెను చేసుకున్న ఏడాదే ఆయన ఒక మోటరు కొన్నాడు. టాపు లేనిది, ఇద్దరే కూర్చునేది. "మొదలు నిన్నే ఎక్కించుకొని తిప్పుత" అని చిన్నామెకు మాటిచ్చాడు. ఆ వారమే సినిమావాళ్లు బంగ్లాలో పాట తీయడానికి వచ్చారు. మోటరు అడిగారు. వకీలు ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోలేదు, హీరోయిన్ పక్కన కూర్చొని తోలడం కూడా నేర్పించాడు. మూడు రోజులు. ఆ మూడు రోజులూ చిన్నామె కొట్టం తలుపు పట్టుకొని చూస్తూ నిలబడింది. అన్నం ముట్టలేదు.

మూడోనాడు రాత్రి పోయి మోటరులో కూర్చుంది. దిగమంటే దిగలేదు. తెల్లారి చూస్తే... కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. పానం లేదు.

అప్పటినుంచి కొట్టంలో, మోటరు ఎడమ సీట్లో, ఒక ఆడమనిషి కనబడుతుందంటారు. ఆ సినిమా పాటలో కూడా బండి తోలే హీరోయిన్ ఎడమదిక్కే ఉంటుంది. అందుకని స్టీరింగు ఎడమదిక్కేననీ, చిన్నామె బండి తోలుకొని బయటికి రావాలని చూస్తుందనీ ఊరందరి లెక్క.

వెనక సీటు ఖాళీగా కనబడితే ఎక్కి కూర్చుంటుందనీ అంటారు. తోలేటామెకు మంది బండ్ల వెనక సీటు ఎందుకని మాత్రం ఎవరూ అడగలేదు.

*

ఎస్తేరమ్మ ఇవన్నీ నమ్మే మనిషి కాదు. ఆదివారం పొద్దున చర్చి, తక్కిన ఆరు దినాలు దుకాణం. గద్వాల పాత బస్టాండు కాడ ఆటోలకు, జీపులకు, ట్రాక్టర్లకు సీట్లు కుడుతుంది. నలభై ఎనిమిదేళ్లుంటాయి. భర్త పూణేలో మేస్త్రీ పని, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. ఒక్కతే బిడ్డ, శిల్ప.

సీటు మీద నుంచి మనిషి లేచినాక మెత్త ఎంతసేపట్లో పైకొస్తుందో చూసి, లోపల ఏముందో చెప్తుంది ఎస్తేరమ్మ. స్పంజీ అయితే వెంటనే లేస్తుంది. స్ప్రింగుల మీద కొబ్బరిపీచు అయితే పది లెక్కపెట్టేదాకా మెల్లగా లేస్తుంది. దుకాణానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, లేపి, వేళ్ల మీద లెక్కపెట్టేది.

శిల్ప చిన్నప్పటి నుంచి ఆదివారం మధ్యాహ్నాలు తల్లీబిడ్డలు టీవీలో పాత సినిమాలు చూసేవాళ్లు. కథ కోసం కాదు, బండ్ల కోసం. హీరో ఏడుస్తుంటే వీళ్లు హీరో వెనక నిలబెట్టిన కారు చూసేవాళ్లు. ముందు లైట్లను చూసి ఒకటి, చక్రాలను చూసి ఒకటి, సీటు అంచు కుట్టును చూసి ఒకటి... ఏ దేశంది, ఏ కంపెనీది, ఏ ఏడాదిది అని పందెం. ఓడినవాళ్లు చాయ పెట్టాలి.

శిల్ప పెద్దదయి ఫోనులో ఒక గ్రూపు పెట్టింది. పాత సినిమాల్లో కనబడే అరుదైన బండ్లు, ముఖ్యంగా ఇద్దరు కూర్చునే స్పోర్ట్స్ కార్లు, గుర్తుపట్టే గ్రూపు. నాగర్‌కర్నూల్ మెకానిక్కులు, వనపర్తి సార్లు, అయిజ డ్రైవర్లు చేరారు. ఎవరో ఒకరు బొమ్మ పెట్టేది, తలా ఒకటి చెప్పేది. ఆఖరుకు "సీట్లమ్మ ఏమంటది?" అని అడిగేవాళ్లు. సీట్లమ్మ అంటే ఎస్తేరమ్మ. ఆమె ఒక్క ముక్క రాసేది. అక్కడికి అయిపోయేది.

పోయిన ఏడాది శిల్పకు వనపర్తిలో ఒక ఫోటో స్టూడియోలో పని దొరికింది. స్టూడియో ఆమె పేరు అమూల్య. ముప్పయి ఐదేళ్లుంటాయి. నెల తిరగకముందే శిల్ప నోట్లో మాటమాటకు "అమూల్యక్క" మొదలైంది.

"అమూల్యక్క పాత రీళ్ల నుంచి బొమ్మలు తీస్తది అమ్మా."

"అమూల్యక్కకు గూడ కార్ల పిచ్చేనమ్మా."

"ఈ ఆదివారం రాను. అక్క, నేను ఒక సిన్మా పెట్టుకున్నం."

ఎస్తేరమ్మ కడుపులో సూది పడింది. అది తిరుగుతూనే ఉంది. ఆదివారం టీవీ పెట్టేది, పక్కన బిడ్డ కూర్చునే చోటు చూసేది, టీవీ బందు చేసేది. వనపర్తిలో ఇప్పుడు చాయ ఎవరు పెడుతున్నారో అనుకునేది.

*

ఈ ఏడాది నవంబరులో గ్రూపులో ఎవరో వకీలు బంగ్లా పాట నుంచి ఒక బొమ్మ పెట్టారు. పాట మొత్తంలో మోటరు కనబడేది పదకొండు సెకండ్లే. హీరోయిన్ తోలుతుంది, హీరో పక్కన కూర్చున్నాడు. స్టీరింగు ఎడమదిక్కు. చక్రాలు మాత్రం పొడుగ్గా, సన్నంగా, సైకిలు చక్రాలోలె పుల్లలతో ఉన్నాయి.

ఆ చక్రాలు ఎంజీ టీసీ అనే పాత ఇంగ్లండు కారువి. కానీ టీసీని కుడిదిక్కు స్టీరింగుతోనే చేశారు. ఎడమదిక్కు స్టీరింగు దాని తర్వాత వచ్చిన టీడీకి ఉంటుంది. టీడీకేమో ఈ చక్రాలుండవు.

ఎస్తేరమ్మ రాసింది: "టీడీ. చక్రాలు మార్చిండ్రు."

పది నిమిషాలకు అమూల్య రాసింది: "టీసీ. బొమ్మ తిరగేసి ఉంది. అద్దంల చూసినట్టు. ముందు షాట్ల బండి ఎటు పోతుందో అటే పోవాలని ఎడిటింగుల తిప్పిండ్రు. హీరో చొక్కా జేబు చూడండ్రి."

ఎస్తేరమ్మ జేబు చూడలేదు. అమూల్య పేరు కింద శిల్ప పెట్టిన చప్పట్ల బొమ్మనే చూసింది.

అయిజ డ్రైవరొకడు రాశాడు: "సీట్లమ్మ సీటు జర కదిలినట్టుందే."

వారం రోజులు గ్రూపంతా రెండు పక్షాలైంది. ఎస్తేరమ్మ వెనక్కి తగ్గలేదు. చిన్నామె ఎడమదిక్కే కూర్చుంటుందని ఊరంతా చెప్పేదాన్ని కూడా సాక్ష్యం తెచ్చింది. దయ్యాలను నమ్మని మనిషి.

*

డిసెంబరు. ఎస్తేరమ్మ అయిజలో ఒక ట్రాక్టరుకు సీటు బిగించి, తన ఎక్సెల్ మోపెడు మీద పనిముట్ల సంచి పెట్టుకొని బయలుదేరుతుంటే ఫోను మోగింది. శిల్ప.

"అమ్మా, ఎల్లుండి ఆదివారం అక్క, నేను వకీలు బంగ్ల కాడికి వస్తున్నం. ఆ మోటరు ఇంకా కొట్టంలనే ఉందంట. వాచుమన్ మాసయ్య తాత తలుపు తీస్త అన్నడు. స్టీరింగు ఎటుందో ఫోటో తీసి పెడితే అయిపాయె."

"ఎవరెవరు వస్తున్నరు?"

"చెప్పిన గదనే. అక్క, నేను. నువ్వొస్తె నువ్వు."

నువ్వొస్తె నువ్వు. ఎస్తేరమ్మ ఫోను పెట్టేసింది.

ఆరున్నరకే చీకటైపోయింది. దారి పొడుగునా అదే మాట చెవిలో తిరిగింది. స్టీరింగు ఎడమదిక్కు ఉంటే అమూల్య నోరు మూతపడుతుంది. శిల్ప మళ్లీ ఆదివారం తన పక్కన కూర్చుంటుంది. కుడిదిక్కు ఉంటే... బిడ్డ పోయినట్టే.

వకీలు బంగ్లా కాడ బండి దానంతటదే ఆగినట్టు ఆగింది.

మాసయ్య పొద్దుగూకినాక అక్కడ ఉండడు. ఎవరూ ఉండరు. కొట్టం తలుపుకు తాళం కూడా లేదు, తీగతో చుట్టి ఉంది. దొంగలు సైతం రాని చోటు.

తీగ తెంపడానికి ప్లయరు కావాలి. వెనక సీటు మీది సంచి విప్పుకొని భుజాన వేసుకుంది. వెనక సీటు ఖాళీ అయింది. ఆమె చూసుకోలేదు.

తలుపు కిర్రుమంది.

లోపల పాత తోలు వాసన. ఎలుకల వాసన. ఫోను లైటు వేసింది. తాడిపత్రి పట్టా కప్పిన మోటరు... చిన్నది. కూర్చున్న మనిషంత ఎత్తు. కింద చక్రాలు కనబడుతున్నాయి. పొడుగ్గా, సన్నంగా.

ఎడమదిక్కుకు పోయి, సంచి నేల మీద పెట్టి, తాడిపత్రి లేపింది. చెయ్యి లోపలికి పెట్టి తడిమింది. చెక్క... దుమ్ము... మళ్లీ చెక్క. స్టీరింగు తగల్లేదు. ఇంకొంచెం ముందుకు వంగి తడిమింది. లేదు.

లైటు అటుపక్కకు తిప్పింది. కుడిదిక్కు, సాలెగూడు పట్టిన స్టీరింగు.

ఎస్తేరమ్మ నిటారుగా లేచి నిలబడింది. తర్వాత ఫోనులో ఆ పాట బొమ్మ తీసి, మొదటిసారి, హీరో చొక్కా చూసింది. జేబు కుడి ఛాతీ మీదుంది. పెండ్లికి ముందు మూడేళ్లు చొక్కాలు కుట్టి బతికిన మనిషి ఎస్తేరమ్మ. జేబు ఏ దిక్కుంటుందో ఆమెకొకరు చెప్పాలా? సీటు అంచు చూస్తూ ఉండిపోయింది. అమూల్యను చూస్తూ ఉండిపోయింది.

అప్పుడే ఇంకోటి తట్టింది. స్టీరింగు కుడిదిక్కు ఉన్నప్పుడు... ఎడమదిక్కు కూర్చునేది తోలేటామె కాదు. తోలేటోడు ఎప్పుడొస్తాడా అని కూర్చున్నామె.

ఆ ఆలోచన ఎక్కువసేపు నిలవనీయలేదు.  సంచిలో దుకాణం పాత తాళమొకటి ఉంది. తలుపుకు వేసి పోతే? ఎల్లుండి వాళ్లు వచ్చి చూసి, వాపసు పోతారు. మాసయ్య పరేషాన్ అవుతాడు. ఎవరు వేసిందీ ఎవరికీ తెల్వదు.

"కూసోనీ," అంది గొంతులోనే, ఎవరితోనో తగవాడినట్టు. "నా బిడ్డ ఎవరి పక్కన కూసుంటె నాకేంది. నా ఎనక సీటు ఖాళీగనే ఉంది. వచ్చి ఎవరన్న కూసోర్రి."

కర్ర్...

స్ప్రింగు చప్పుడు. ఆమెకు తెలియని చప్పుడు కాదు. సీటు మీద బరువు కదిలితే వచ్చే చప్పుడు.

లైటు మెల్లగా ఎడమ సీటు మీదికి తిప్పింది.

ఎర్ర తోలు మెత్త. నున్నగా ఉంది. దుమ్ము లేదు. మధ్యలో గుంత... మనిషి కూర్చున్నంత గుంత. ఆమె చూస్తుండగానే ఆ గుంత మెల్లగా పైకి లేస్తోంది.

ఎస్తేరమ్మకు లెక్కపెట్టడం అలవాటు. నోరు దానంతటదే లెక్కపెట్టింది. ఒకటి... రెండు... మూడు... స్ప్రింగుల మీద పీచు... నాలుగు... ఐదు... ఆరు...

పదికి మెత్త సాపు అయింది.

అంటే, ఇప్పుడే లేచింది.

పక్క నుంచి సన్నగా చల్లగాలి పోయింది, తలుపు దిక్కు.

సంచి లేదు, తాళం లేదు. ఎస్తేరమ్మ ఎట్ల బయటపడిందో ఆమెకే తెల్వదు. బండి మొదటి దెబ్బకే లేచింది. కానీ గుంజలేదు. ఇద్దరెక్కినట్టు మూలిగింది. చలికి ఇంజను పట్టేసిందనుకుంది. చింతచెట్ల మలుపు కాడ కుక్కలు రోడ్డు మీదికి వచ్చి, ఆమె దిక్కు కాదు, ఆమె వెనక దిక్కు చూసి మొరిగాయి.

ప్రభువు పేరు తీసుకుంటూ వెనక్కి తిరగకుండా గద్వాల చేరింది.

*

తెల్లారి వెలుగులో మనసు కుదుటపడింది. మానుపిల్లి అయ్యుంటుంది. మెత్త మీద పండుకొని ఉంటుంది, లైటు చూసి దుంకింది. దుమ్ము లేకపోవడం కూడా దాని వల్లే. మానుపిల్లికి భయపడ్డ సంగతి ఎవరితో చెప్పుకుంటుంది? ఒక్కతే నవ్వుకుంది కూడా.

నవ్వు మధ్యలో సంచి యాదికొచ్చింది. సంచి మీద దారంతో పెద్దగా కుట్టిన పేరు. తనదే.

శనివారం దుకాణం పని తెమల్లేదు, చీకటి పడ్డాక పోయే ధైర్యం లేదు. ఆదివారం చర్చి మానేసి పొద్దున్నే బయలుదేరింది. వాళ్ల కంటే ముందు చేరి సంచి తీసుకురావాలి. కానీ బంగ్లా కాడికి పోయేసరికి అమూల్య స్కూటీ అప్పటికే నిలబెట్టి ఉంది. ఎస్తేరమ్మ ఎక్సెల్‌ను అవతల వేపచెట్టు నీడకు ఆపింది.

కొట్టం తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపలంతా ఎండ. తాడిపత్రి తీసేశారు. మాసయ్య బీడీ ముట్టించుకొని గోడకు ఆనుకున్నాడు. శిల్ప ఎడమదిక్కు నిలబడి ఉంది.

"అమ్మా," అంది శిల్ప, మెల్లగా. "నీ సంచి ఈడుందేందే?"

అమూల్య కెమెరా కిందికి దించింది.

ఎస్తేరమ్మ గడప దాటి లోపలికొచ్చింది.

"మొన్న రాత్రి వచ్చిన," అంది. "మీకంటె ముందు చూడాలని. చూసిన. స్టీరింగు కుడిదిక్కే. నువ్వన్నదే కరెక్టు అమూల్యా. తలుపుకు తాళమేసి పోదమనుకున్న. గదీ నా బుద్ధి."

శిల్ప కళ్లు పెద్దవయ్యాయి. అమూల్య మాత్రం నవ్వింది, ఎగతాళిగా కాదు.

"చిన్నమ్మా, నేను జేబు చూసిన, గంతే. నాకు ఆ బొమ్మ తిరగేసి ఉన్నట్టు తెల్సింది గని అది ఏ బండో నాకేం తెల్సు? చక్రాలు చూసి టీసీ అని చెప్పింది మీ శిల్పనే. అది ఎవరు నేర్పిండ్రంటె అమ్మ అన్నది. రోజుకు పదిసార్లు మా అమ్మ, మా అమ్మ. ఇనలేక నా చెవులు నొస్తున్నయి."

"ఓ అక్కా, ఊకో," అంది శిల్ప.

చిన్నమ్మా. వరస కూడా కలుపుకుంది. ఎస్తేరమ్మకు ఆ మాట గుచ్చుకోలేదు. ఏడాది నుంచి తిరుగుతున్న సూది ఎక్కడో ఆగింది.

"సీటు చూసి మీరొక మాట చెప్పండ్రి," అంది అమూల్య. "ఫోటోతో పాటు గ్రూపుల పెడత. సీట్లమ్మ చెప్పంది ఎవరు నమ్ముతరు?"

ఎస్తేరమ్మ దగ్గరికి పోయింది. కుడి సీటు చూసింది. తోలు పగిలి, పీచు బయటికొచ్చి ఉంది. ఎడమ సీటు దిక్కు తిరిగింది.

మెత్త లేదు.

తుప్పు పట్టిన స్ప్రింగులు మాత్రమే ఉన్నాయి, ఒట్టి ఎముకలోలె. వాటి మీద, సరిగ్గా మనిషి కూర్చునే చోట, ఆమె సంచి నిటారుగా కూర్చోబెట్టి ఉంది.

"సంచి ఈడ పెట్టింది ఎవరు?"

"మేం వచ్చేసరికి గట్లనే ఉంది," అంది శిల్ప.

"మాసయ్యన్నా... దీని మెత్త ఏది? ఎవరు తీసిండ్రు?"

మాసయ్య బీడీ దులిపాడు. "అది ఇప్పటి ముచ్చటనా చెల్లె? చిన్నామె దాని మీదనే గదా పాయె. వకీలు సారే తీపిచ్చి ఆమెతోటే కాలబెట్టిచ్చిండంట. మా నాయిన చెప్తుండె. నేను పుట్టకముందు సంగతి. నేను చూసినకాడికి గీ స్ప్రింగులే."

ఎర్ర తోలు. నున్నటి మెత్త. పది లెక్కపెట్టింది తను.

ఎస్తేరమ్మ సంచి తీసుకుంది. చల్లగా ఉంది. భుజాన వేసుకుంది. బిడ్డ ముందు ఏమనాలి?

అమూల్య ఫోటోలు తీసింది. "ఎంజీ టీసీ — గుర్తుపట్టినవాళ్లు ఎస్తేరమ్మ, శిల్ప" అని రాసింది. తన పేరు పెట్టుకోలేదు. ఎస్తేరమ్మ ఫోను లాక్కొని అమూల్య పేరు కూడా చేర్చింది. ముందు.

బయటికొచ్చాక శిల్ప తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఇయాల నీ ఎంబడే గద్వాలకు వస్త. నీ బండి మీదనే. మధ్యానం సిన్మా చూద్దాం. ఓడినోళ్లు చాయ పెట్టాలె."

ఏడాది నుంచి ఎస్తేరమ్మ ఎదురుచూసిన మాట. తల ఊపింది.

ఇద్దరూ వేపచెట్టు కిందికి నడిచారు. ఎక్సెల్ గంట నుంచి అక్కడే నిలబడి ఉంది. దాని వెనక సీటు ఎస్తేరమ్మే కుట్టింది, శిల్ప కోసమని. ఒట్టి స్పంజీ. చెయ్యి తీస్తే చాలు, వెంటనే పైకి లేస్తుంది.

శిల్ప ఎక్కబోయి ఆగింది.

"దీని మీద ఇప్పుడు ఎవరన్న కూసుండిరా అమ్మా?"

"లేదు. ఏమాయె?"

"ఏం లేదు... సొట్ట పడుంది."

ఎస్తేరమ్మ చూసింది. సీటు మధ్యలో గుంత. మనిషి కూర్చున్నంత గుంత.

లేస్తుందేమోనని చూసింది. నోరు దానంతటదే లెక్కపెట్టింది. ఒకటి... రెండు... మూడు...

పది అయింది. ఇరవై అయింది.

గుంత లేవలేదు.

ఎస్తేరమ్మ బిడ్డ చెయ్యి వదిలించుకుంది. రోడ్డు మీద అమూల్య స్కూటీ స్టార్టు చేస్తోంది. నవ్వు మొహం పెట్టుకొని, మెల్లగా అంది—

"నువ్వు... అక్క బండి ఎనక కూసో బిడ్డా."